డెస్క్‌టాప్ అనువర్తనాల నిర్మాణంలో ఎడిటర్, డీబగ్గర్ల ఎంపిక: తెలుగు పాఠ్యం ప్రమాణంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పదసూచికలు, నిఘంటువులు, ఛందోగణన సాధనాలు మొదలైన చిన్న డెస్క్‌టాప్ అనువర్తనాలను సాహిత్య, భాషాపరిశోధకులు స్వయంగా రాసుకొనే అవకాశం నేడు ఉంది. ఇందుకు కావలసిన ప్రథమ సాధనాలు రెండు: కోడ్ రాయడానికి ఎడిటర్, దోషాన్ని వెదకడానికి డీబగ్గర్. వీటిని సాధారణంగా వాడుకలోని ప్రాచుర్యాన్ని బట్టి, అలవాటును బట్టి ఎంచుకోవడం జరుగుతున్నది. తెలుగు పాఠ్యంపై పనిచేసే అనువర్తనాలకు ఈ పద్ధతి చాలదు. తెరపై కనిపించే అక్షరానికీ, కంప్యూటర్ మెమరీలో ఉన్న సంకేతాల వరుసకూ మధ్య గల భేదాన్ని ఏ సాధనం స్పష్టంగా చూపగలదో అదే ఎంపికకు మొదటి ప్రమాణం కావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ ప్రమాణాన్ని ఉదాహరణలతో వివరించి, ఎంపికకు ముందు చేయదగిన ఒక సులభపరీక్షను సూచిస్తుంది.

కీలకపదాలు: ఎడిటర్, డీబగ్గర్, డెస్క్‌టాప్ అనువర్తనం, యూనికోడ్, కోడ్ పాయింట్, బ్రేక్‌పాయింట్, పదసూచిక, ఛందస్సు.

1. ఉపోద్ఘాతం:

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరరూపం ప్రపంచవ్యాప్తంగా వార్తల్లోకి ఎక్కింది. ఆపిల్ సంస్థ ఫోన్లలోను, మ్యాక్ కంప్యూటర్లలోను ఆ అక్షరం తెరపైకి రాగానే సందేశాల అనువర్తనం వంటివి హఠాత్తుగా మూతపడేవి. ఆ అక్షరం 'జ్ఞా'ను పోలినది. అయితే మామూలుగా టైపు చేసే 'జ్ఞా'తో ఏ ప్రమాదమూ లేదు. మామూలు 'జ్ఞా'లో నాలుగు సంకేతాలు ఉంటాయి: జ, పొల్లు, ఞ, దీర్ఘం. ప్రమాదకరమైన వరుసలో ఐదు ఉన్నాయి. ఞకూ దీర్ఘానికీ నడుమ కంటికి కనిపించని మరొక గుర్తు చేరింది. అక్షరాలను కలవనీయకుండా చేసే ఆ గుర్తుకు 'జీరో విడ్త్ నాన్ జాయినర్' అని పేరు. అక్షరాలను తెరపై కూర్చే 'కోర్‌టెక్స్ట్' అనే భాగంలో ఈ వరుస వల్ల మెమరీ చెడిపోతున్నదని గుర్తించిన ఆపిల్ సంస్థ 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ద్వారాను, మ్యాక్ ఓఎస్ 10.13.3కు అదనపు సవరణ ద్వారాను దానిని సరిచేసింది.

ఈ సంఘటన రెండు విషయాలను తెలుపుతుంది. ఒకటి, కంటికి దాదాపు ఒకేలా కనిపించే రెండు తెలుగు రూపాలు కంప్యూటర్‌కు పూర్తిగా వేరు కావచ్చు. రెండు, ఆ భేదం తెలియాలంటే తెరను చూసి లాభం లేదు; మెమరీలోకి చూడగల సాధనం కావాలి.

ప్రముఖ సంస్థ అనువర్తనం మూతపడితే లోకానికి తెలుస్తుంది. ఒక పరిశోధకుడు రాసుకొన్న పదసూచిక తప్పుగా లెక్కించినప్పుడు మాత్రం ఏదీ మూతపడదు. తప్పు సంఖ్య నిశ్శబ్దంగా పట్టికలోకి, అక్కడి నుండి సిద్ధాంతగ్రంథంలోకి చేరుతుంది. కనుక ఎడిటర్, డీబగ్గర్ల ఎంపిక పరిశోధన ప్రామాణికతకు సంబంధించిన విషయం కూడా.

2. ఎడిటర్, డీబగ్గర్: స్వరూపం, సంబంధం:

ఎడిటర్ అనేది కోడ్ రాయడానికి, దిద్దడానికి, వెదకడానికి ఉపయోగపడే సాధనం. వర్డ్ ప్రాసెసర్ వలె అది పేజీని అలంకరించదు. ఫైలులో ఉన్న అక్షరాలను ఉన్నవి ఉన్నట్లుగా నిలపడమే దాని పని. డీబగ్గర్ నడుస్తున్న ప్రోగ్రాంను కోరిన చోట ఆపి, ఆ క్షణంలో చరరాశుల విలువలు ఏమిటో, ఏ ప్రమేయం దేనిని పిలిచిందో చూపే సాధనం. ఇలా ఆపే చోటును బ్రేక్‌పాయింట్ అంటారు.

మొదట్లో ఇవి వేర్వేరు ప్రోగ్రాంలుగా ఉండేవి. 1983లో వెలువడిన టర్బో పాస్కల్ ఎడిటర్‌నూ కంపైలర్‌నూ ఒకే చోట చేర్చి ప్రాచుర్యం పొందింది. ఈ మార్గంలోనే తరువాత విజువల్ స్టూడియో, ఎక్లిప్స్, ఇంటెల్లిజె ఐడియా, క్యూటీ క్రియేటర్ వంటి సమగ్ర పరిసరాలు వచ్చాయి. మరొకవైపు, రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రూపొందించిన జీడీబీ వంటి డీబగ్గర్లు విడిగానే కొనసాగాయి. 2015లో వచ్చిన విజువల్ స్టూడియో కోడ్ ఈ రెండింటికీ నడిమి మార్గాన్ని పట్టింది. అది స్వతహాగా తేలికైన ఎడిటర్. భాషకు కావలసిన సహాయాన్ని, డీబగ్గర్‌ను బయటి నుండి జోడించుకొంటుంది. 2016లో ప్రకటించిన 'లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్', దాని తోడుగా ఉన్న 'డీబగ్ అడాప్టర్ ప్రోటోకాల్' ఈ జోడింపునకు ఉమ్మడి నియమాలను ఏర్పరచాయి. అందువల్ల నేడు ఒక ఎడిటర్‌ను ఎంచుకొంటే దాని డీబగ్గర్‌నే వాడాలన్న నిర్బంధం చాలావరకు లేదు. రెండింటినీ వేర్వేరుగా పరీక్షించి ఎంచుకోవచ్చు.

3. ఒక పదం, ఐదు లెక్కలు:

తెలుగు పాఠ్యం విషయంలో సాధనాల పరీక్ష ఎందుకు అవసరమో 'వచ్చెన్' అనే ఒక్క పదం చాలు చెప్పడానికి. యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. ఒక్కొక్క స్థానసంఖ్యను కోడ్ పాయింట్ అంటారు. 'వచ్చెన్' అనే పదంలో వ, చ, పొల్లు, చ, ఎత్వం, న, పొల్లు అని వరుసగా ఏడు కోడ్ పాయింట్లు ఉన్నాయి. ఈ పదం 'పొడవు' ఎంత అని అడిగితే వచ్చే సమాధానాలు ఇవి:

(అ) యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు కోడ్ పాయింట్‌కు 3 బైట్లు పడతాయి. కనుక సీ భాషలో బైట్లను లెక్కించే ప్రమేయం 21 అని చెబుతుంది.

(ఆ) పైథాన్, జావా, సీ షార్ప్ భాషలు 7 అని చెబుతాయి.

(ఇ) చదువరి ఒక అక్షరంగా భావించే గుంపును యూనికోడ్ నియమాలు 'గ్రాఫీమ్ క్లస్టర్' అంటాయి. పాత నియమాల ప్రకారం వ, చ్, చె, న్ అని 4 గుంపులు వస్తాయి.

(ఈ) 2023లో వెలువడిన యూనికోడ్ 15.1 తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయరాదని నియమం చేర్చింది. దాని ప్రకారం వ, చ్చె, న్ అని 3 గుంపులు అవుతాయి.

(ఉ) ఛందశ్శాస్త్రం ప్రకారం పదాంతంలోని పొల్లు ముందున్న అక్షరంతో కలిసి దానిని గురువును చేస్తుంది. కనుక వ, చ్చెన్ అని అక్షరాలు 2 మాత్రమే.

21, 7, 4, 3, 2. ఈ ఐదూ తమతమ పరిధుల్లో సరైనవే. దోషం పుట్టేది ఒక లెక్క కావలసిన చోట మరొకటి వాడినప్పుడు. ప్రాసను పరీక్షించే ప్రోగ్రాం పాదంలో రెండవ అక్షరాన్ని చూడాలి. 'శ్రీ'తో మొదలయ్యే పాదంలో రెండవ కోడ్ పాయింట్‌ను చూస్తే దొరికేది పొల్లు. ఆ ప్రోగ్రాం ఆగిపోదు; ఏదో ఒక సమాధానం ఇస్తుంది. పై ఐదు లెక్కల్లో ప్రోగ్రాం ఏది వాడుతున్నదో డీబగ్గర్‌లో చూసి నిర్ధారించుకోగలగాలి. తరువాతి భాగాలలోని పరిశీలనకు ఇదే ఆధారం.

4. ఎడిటర్ ఎంపికలో పరిశీలించవలసిన అంశాలు:

4.1 అక్షరాల కూర్పు: తెలుగులో గుణింతాలు, వత్తులు హల్లుతో కలిసి కొత్త ఆకృతి పొందుతాయి. ఈ కూర్పును చేసే భాగం ఎడిటర్‌లో గానీ, అది ఆధారపడిన వ్యవస్థలో గానీ ఉండాలి. హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది. గ్నూ ఈమాక్స్ 2020లో వచ్చిన 27.1 నుండి దీనిని వాడుతున్నది. టెర్మినల్‌లో నడిచే ఎడిటర్ల స్థితి వేరు. టెర్మినల్ తెరను సమానమైన గళ్లుగా విభజించి గడికొక గుర్తు చొప్పున పేర్చుతుంది. ఇంగ్లీషు కోడ్‌కు ఇది అనుకూలం. 'స్త్రీ' వంటి అక్షరం ఎన్ని గళ్లు ఆక్రమించాలో నిర్ణయించడంలో టెర్మినల్‌కూ ఎడిటర్‌కూ పొంతన కుదరక కర్సర్ ఒకచోట, దిద్దుబాటు మరొకచోట జరిగే అవకాశం ఉంది. విమ్ ఎడిటర్‌కు అలవాటుపడినవారు తెలుగు పాఠ్యమున్న ఫైళ్లను దిద్దేటప్పుడు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

4.2 సంకేతాలను చూపే సదుపాయం: కర్సర్ కింద ఉన్నది ఏమిటో అంకెలలో చెప్పగల ఎడిటర్ పరిశోధకునికి ఎంతో మేలు చేస్తుంది. ఈ విషయంలో పాత ఎడిటర్లే ముందున్నాయి. విమ్‌లో జీ, ఏ మీటలను వరుసగా నొక్కితే కోడ్ పాయింట్ సంఖ్య, జీ, 8 నొక్కితే యూటీఎఫ్-8 బైట్లు కనిపిస్తాయి. ఈమాక్స్‌లో 'డిస్‌క్రైబ్-చార్' ఆదేశం కోడ్ పాయింట్‌తో పాటు దాని యూనికోడ్ పేరును, వాడుతున్న ఫాంట్‌ను కూడా చెబుతుంది. విజువల్ స్టూడియో కోడ్‌లో ఇందుకు విడిగా ఎక్స్‌టెన్షన్ చేర్చుకోవాలి. తెలుగును అందంగా కూర్చే ఎడిటర్, తెలుగును విప్పి చూపే ఎడిటర్ ఒకటే కానవసరం లేదు. రెండింటినీ దగ్గర ఉంచుకోవడంలో తప్పులేదు.

4.3 సంకేతపద్ధతి: ఫైలును ఏ పద్ధతిలో తెరుస్తున్నది, ఏ పద్ధతిలో భద్రపరుస్తున్నది ఎడిటర్ ఎల్లప్పుడూ చూపాలి. నోట్‌ప్యాడ్++, విజువల్ స్టూడియో కోడ్‌లు తమ అడుగుపట్టీలో దీనిని చూపుతాయి. విండోస్‌తో వచ్చే నోట్‌ప్యాడ్ 2019 నాటి విండోస్ 10 రూపం నుండి మాత్రమే యూటీఎఫ్-8ను సహజపద్ధతిగా స్వీకరించింది. అంతకుముందు సహజంగా ఉండిన పాత కోడ్ పేజీ పద్ధతిలో తెలుగుకు చోటే లేదు. ఎడిటర్ ఒక్కటే సరిగా ఉంటే చాలదు. కంపైలర్ కూడా అదే పద్ధతిలో ఫైలును చదవాలి. మైక్రోసాఫ్ట్ సీ++ కంపైలర్ ఫైలు ఆరంభంలో గుర్తింపు బైట్లు లేకుంటే దానిని కంప్యూటర్ కోడ్ పేజీ ప్రకారం చదువుతుంది. అప్పుడు 'క' అనే ఒక్క అక్షరంలోని 224, 176, 149 అనే మూడు బైట్లు మూడు లాటిన్ గుర్తులుగా మారవచ్చు. యూటీఎఫ్-8గా చదవమని కంపైలర్‌కు ప్రత్యేకంగా ఆదేశిస్తే ఈ ఇబ్బంది తొలగుతుంది.

4.4 కనిపించని గుర్తులు: ఉపోద్ఘాతంలో చెప్పిన కలవనీయని గుర్తు సంఖ్య 8204. 'ఫేస్‌బుక్' వంటి మాటల్లో పొల్లు తరువాతి హల్లు వత్తుగా మారకుండా దీనిని వాడతారు. అది తెలుగు రాతకు అవసరమైన గుర్తే. కాని ఎక్కడ ఉన్నదో తెలియకుండా ఉండకూడదు. కనిపించని గుర్తులను గళ్లు గీసి చూపే సదుపాయం విజువల్ స్టూడియో కోడ్‌లో 2021 చివర చేరింది. ఏ ఎడిటర్‌నైనా ఎంచుకొనే ముందు ఈ గుర్తు ఉన్న మాట ఒకటి, లేని మాట ఒకటి పక్కపక్కన టైపు చేసి భేదం చూపుతున్నదో లేదో పరిశీలించాలి.

5. డీబగ్గర్ ఎంపికలో పరిశీలించవలసిన అంశాలు:

5.1 తెలుగు పాఠ్యాన్ని చూపే తీరు: డీబగ్గర్ కూడా ఒక ప్రోగ్రామే, అది కూడా తెలుగును తప్పుగా చూపవచ్చు. అనువర్తనంలో దోషం లేకున్నా డీబగ్గర్ తెరపై చెత్తగుర్తులు కనిపించి పరిశోధకుని తప్పుదారి పట్టించవచ్చు. జీడీబీకి సంకేతపద్ధతి సరిగా తెలియనప్పుడు 'క'ను 340, 260, 225 అనే అష్టాంశ సంఖ్యలుగా చూపుతుంది. ఇవి పైన చెప్పిన 224, 176, 149 బైట్లే. చెడిపోయిన పాఠ్యమని భ్రమపడనక్కరలేదు. విజువల్ స్టూడియోలో బైట్ల వరుసగా ఉన్న పాఠ్యాన్ని చూసేటప్పుడు చరరాశి పేరు తరువాత కామా పెట్టి 'ఎస్8' అనే సూచిక చేర్చితేనే అది యూటీఎఫ్-8గా చూపుతుంది. క్యూటీ గ్రంథాలయంలోని 'క్యూస్ట్రింగ్' పాఠ్యాన్ని యూటీఎఫ్-16 రూపంలో దాచుకొంటుంది. సహాయక లిపులు లేని జీడీబీ దానిలోని పాఠ్యానికి బదులు అంతర్నిర్మాణాన్ని చూపుతుంది; క్యూటీ క్రియేటర్ ఆ సహాయకాలను తనతోనే తెస్తుంది. పైథాన్‌లో ఈ పని మరింత సులభం. ఆగిన చోట 'ఆర్డ్' అనే ప్రమేయాన్ని ప్రతి అక్షరంపై నడిపితే కోడ్ పాయింట్ల సంఖ్యలు వరుసగా వస్తాయి.

5.2 షరతుతో ఆపగలగడం: లక్ష పదాలను చదివే ప్రోగ్రాంలో ప్రతి పదం వద్ద ఆగడం అసాధ్యం. 'పదంలో 8204 ఉన్నప్పుడు మాత్రమే ఆగు' అని చెప్పగల షరతు బ్రేక్‌పాయింట్ కావాలి. పేర్కొన్న డీబగ్గర్లన్నింటిలో ఈ సదుపాయం ఉంది. ఒక విలువ ఎప్పుడు మారుతున్నదో కనిపెట్టే వాచ్‌పాయింట్ మరొక ఉపయోగకర సాధనం. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో ఇందుకు నాలుగు ప్రత్యేక చిరునామా రిజిస్టర్లు మాత్రమే ఉంటాయి. కనుక ప్రాసెసర్ సహాయంతో వేగంగా పనిచేసే వాచ్‌పాయింట్లను నాలుగుకు మించి పెట్టడం కుదరదు.

5.3 కిటికీలతో పనిచేసే ప్రోగ్రాం: డెస్క్‌టాప్ అనువర్తనం మౌస్ నొక్కు, మీట నొక్కు, కిటికీ కదలిక వంటి సంఘటనల కోసం నిరంతరం ఎదురుచూసే ఒక ఆవృత్తంలో నడుస్తుంది. బ్రేక్‌పాయింట్ వద్ద ఆ ఆవృత్తం కూడా ఆగి, కిటికీ స్తంభించిపోతుంది. తెరపై బొమ్మ గీసే ప్రమేయంలో బ్రేక్‌పాయింట్ పెడితే మరొక చిక్కు. డీబగ్గర్ కిటికీ ముందుకు వచ్చి అనువర్తనాన్ని కప్పుతుంది. కొనసాగించగానే అనువర్తనం తనను తాను మళ్లీ గీసుకోవలసి వచ్చి అదే చోట మళ్లీ ఆగుతుంది. ఇటువంటి చోట ఆపకుండా, విలువను మాత్రం రాసి ముందుకు సాగే సదుపాయం కావాలి. దీనిని విజువల్ స్టూడియోలో ట్రేస్‌పాయింట్ అని, విజువల్ స్టూడియో కోడ్‌లో లాగ్‌పాయింట్ అని అంటారు. జీడీబీలో 'డీప్రింట్ఎఫ్' ఆదేశం ఇదే పని చేస్తుంది. పైక్యూటీ5 వాడేవారు టెర్మినల్‌లో పైథాన్ సహజ డీబగ్గర్ 'పీడీబీ'ని వాడినప్పుడు సంఘటనల ఆవృత్తం ఇప్పటికే నడుస్తున్నదనే సందేశం పదేపదే రావడం కద్దు. డీబగ్గర్‌ను పిలిచే ముందు పైక్యూటీ ఇన్‌పుట్ హుక్‌ను తొలగిస్తే అది ఆగుతుంది.

విలువలను తెరపై ముద్రించి దోషం వెదకే పాతపద్ధతి ఇక్కడ అన్నివేళలా అక్కరకు రాదు. విండోస్‌లో కన్సోల్ లేకుండా నడిచే పైథాన్ అనువర్తనంలో ముద్రించినది ఎక్కడికీ చేరదు. లాగ్ ఫైలులో రాయడమే మార్గం. ఆ ఫైలును తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 అని స్పష్టంగా పేర్కొనాలి. లేకుంటే లాటిన్ కోడ్ పేజీ ఉన్న కంప్యూటర్‌లో తెలుగును రాయబోయినప్పుడు దోషాన్ని వెదకడానికి పెట్టిన వాక్యమే దోషానికి కారణమవుతుంది.

5.4 మూతపడిన తరువాత చూడగలగడం: మెమరీ చెడిన చోటు ఒకటి, అనువర్తనం మూతపడే చోటు మరొకటి కావచ్చు. 2018 నాటి తెలుగు అక్షరదోషం వంటివి ఈ తరగతికి చెందినవి. సీ, సీ++ భాషల్లో రాసేవారికి మెమరీ దుర్వినియోగాన్ని జరిగిన చోటనే పట్టుకొనే 'అడ్రస్ శానిటైజర్', లినక్స్‌లో 'వాల్‌గ్రైండ్' అందుబాటులో ఉన్నాయి. వేరొకరి కంప్యూటర్‌లో అనువర్తనం మూతపడితే ఆ క్షణపు మెమరీ నకలును తీసుకొని విండోస్‌లో విన్‌డీబీజీతోను, లినక్స్‌లో జీడీబీతోను తరువాత పరిశీలించవచ్చు. ఇందుకు విడుదల చేసిన ప్రతి రూపానికి సంబంధించిన డీబగ్ గుర్తుల ఫైలును భద్రపరచుకోవాలి. అవి లేకుంటే నకలులో ప్రమేయాల పేర్లకు బదులు చిరునామా సంఖ్యలే కనిపిస్తాయి.

6. ఒక దోషాన్వేషణ: పదసూచికలో 'సైన్యం':

పై అంశాలు ఆచరణలో ఎలా కలిసివస్తాయో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. ఒక పరిశోధకురాలు కావ్యపాఠానికి పదసూచిక తయారుచేసే అనువర్తనాన్ని పైథాన్‌లో రాసుకొన్నది. పాఠంలో కొంత భాగం టైపు చేసినది, కొంత భాగం పాత ఫాంట్ల నుండి మార్చినది. సూచికలో 'సెలవు' తరువాత, 'సేన'కు ముందు 'సైన్యం' కనిపించింది. కొంత దూరం పోయాక 'సేవ' తరువాత 'సైన్యం' మళ్లీ కనిపించింది. రెండింటికీ వేర్వేరు ప్రయోగసంఖ్యలు ఉన్నాయి.

తెరపై రెండు మాటలూ ఒకటే. కారణం మూడు రకాలుగా ఉండవచ్చు: లెక్కింపులో పొరపాటు, పదం చివర ఖాళీ మిగిలిపోవడం, సంకేతాలలో భేదం. క్రమంలో 'సెలవు' పక్కన చేరడం మూడవదాన్ని సూచిస్తున్నది. పదం తెరపై 'సైన్యం'గా కనిపిస్తూ పొడవు 7గా ఉన్నప్పుడు ఆగేలా షరతు బ్రేక్‌పాయింట్ పెట్టి చూస్తే ఈ సంఖ్యలు వచ్చాయనుకోవచ్చు: 3128, 3142, 3158, 3112, 3149, 3119, 3074. రెండవ నమోదులో ఉన్నవి ఆరే: 3128, 3144, 3112, 3149, 3119, 3074.

భేదం ఐత్వంలో ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని 3144 అనే ఒకే గుర్తుగా రాయవచ్చు; ఎత్వం 3142, దానికింద వచ్చే గుర్తు 3158 అని రెండుగానూ రాయవచ్చు. ఈ రెండూ సమానమని యూనికోడ్ నియమమే చెబుతుంది. పోలిక చూసే ప్రోగ్రాంకు మాత్రం అవి వేరు. పాఠం లోపలికి వచ్చే చోటనే యూనికోడ్ 'ఎన్ఎఫ్‌సీ' సమరూపీకరణ జరిపితే రెండూ 3144గా మారి, సూచికలో ఒకే నమోదుగా నిలుస్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సమరూపీకరణ 8204ను తొలగించదు. సున్నతో రాసిన రూపాన్నీ అనునాసికంతో రాసిన రూపాన్నీ ఒకటి చేయదు. అటువంటివాటిని కలపాలా, విడిగా ఉంచాలా అన్నది ప్రోగ్రాం నిర్ణయించేది కాదు. అది పాఠపరిష్కరణకు సంబంధించిన నిర్ణయం. తాళపత్రప్రతుల పాఠభేదాలను పరిష్కర్త అధోజ్ఞాపికలలో నమోదు చేసినట్లే, మూలఫైలును మార్చకుండా ఉంచి, చేసిన ప్రతి మార్పునూ నమోదు చేయాలి. దోషం ఎక్కడ ఉన్నదో డీబగ్గర్ చూపుతుంది. ఏది దోషం, ఏది పాఠభేదం అని తేల్చవలసినది పరిశోధకురాలే.

7. భాషను, వేదికను బట్టి ఎంపిక:

(అ) విండోస్‌కు మాత్రమే సీ షార్ప్ లేదా సీ++తో అనువర్తనం రాసేవారికి విజువల్ స్టూడియో సమగ్రమైనది. దాని కమ్యూనిటీ రూపాన్ని బోధనకు, విద్యాపరిశోధనకు ఉచితంగా వాడుకోవచ్చు. పరిమాణంలో పెద్దది కనుక పాత కంప్యూటర్లు ఉన్న ప్రయోగశాలల్లో ముందుగా పరీక్షించి చూడాలి.

(ఆ) ఒకే కోడ్‌ను విండోస్, లినక్స్, మ్యాక్‌లలో నడపాలనుకొనే సీ++ రచయితలకు క్యూటీ క్రియేటర్ అనుకూలం. అది ఆయా వేదికల్లో లభించే జీడీబీ, ఎల్ఎల్‌డీబీ వంటి డీబగ్గర్లతో కలిసి పనిచేస్తుంది.

(ఇ) పైథాన్‌తో మొదలుపెట్టే సాహిత్యపరిశోధకులకు విజువల్ స్టూడియో కోడ్ లేదా పైచార్మ్ సరిపోతుంది. కోడ్ పాయింట్లను అప్పటికప్పుడు అడిగి చూడగల వీలు పైథాన్‌లో ఉండడం వీరికి ప్రత్యేకమైన లాభం.

(ఈ) ఏ సమగ్ర పరిసరాన్ని వాడినా సంకేతాలను విప్పి చూపే రెండవ ఎడిటర్ ఒకటి పక్కన ఉండాలి. ఈమాక్స్ గానీ, విమ్ గానీ ఈ అవసరాన్ని తీరుస్తుంది.

కళాశాలల్లో టర్బో సీతో ప్రోగ్రామింగ్ నేర్చినవారు అధ్యాపకులలో ఎందరో ఉన్నారు. యూనికోడ్ కంటే ముందు నాటిది, డాస్ కోసం తయారైనది అయిన ఆ పరిసరంలో తెలుగు పాఠ్యానికి తావు లేదు. ఆ అనుభవంతో 'ఒక అక్షరం అంటే ఒక బైట్' అన్న భావన స్థిరపడి ఉంటే, కొత్త సాధనానికి మారడంతో పాటు ఆ భావనను కూడా వదులుకోవాలి.

8. ఎంపికకు ముందు చేయదగిన పరీక్ష:

ఐదు మాటలున్న ఒక చిన్న ఫైలుతో ఏ సాధనాన్నైనా అరగంటలో పరీక్షించవచ్చు. ఆ మాటలు: 'స్త్రీ', 'వచ్చెన్', రెండు విధాల ఐత్వంతో రాసిన 'సైన్యం' రెండుసార్లు, 8204 ఉన్న 'ఫేస్‌బుక్'. పరీక్షలో క్రమంగా ఈ ప్రశ్నలకు సమాధానం వెదకాలి.

1. ఎడిటర్ ఐదు మాటలనూ సరిగా కూర్చి చూపుతున్నదా? కర్సర్ అక్షరాల నడుమ కదిలేటప్పుడు కనిపించే చోటా, దిద్దుబాటు జరిగే చోటా ఒకటేనా?

2. రెండు 'సైన్యం'లలో ఒకదాని కోసం వెదికితే రెండవది కూడా దొరుకుతున్నదా? దొరికినా, దొరకకున్నా ఆ ప్రవర్తనను నమోదు చేసుకోవాలి.

3. ఫైలును భద్రపరచి, మూసి, మళ్లీ తెరిచినప్పుడు సంకేతాలు మారకుండా ఉన్నాయా?

4. ఆ ఫైలును చదివే పది వాక్యాల ప్రోగ్రాంను డీబగ్గర్‌లో ఆపి చూస్తే 'స్త్రీ' తెలుగులో కనిపిస్తున్నదా? దాని ఆరు కోడ్ పాయింట్లను సంఖ్యలుగా చూడవచ్చునా?

5. 8204 ఉన్న మాట వద్ద మాత్రమే ఆగేలా షరతు పెట్టవచ్చునా?

6. అదే మాటలను కిటికీలో చూపే ప్రోగ్రాంలో, కిటికీ స్తంభించకుండా విలువలను లాగ్‌లో రాయించవచ్చునా?

మొదటి ప్రశ్నకు 'లేదు' అని సమాధానం వచ్చినా సర్దుకోవచ్చు. నాలుగవ ప్రశ్నకు 'లేదు' అని వస్తే ఆ సాధనాన్ని తెలుగు పాఠ్యపరిశోధనకు వాడకపోవడమే మేలు.

9. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఈ విధంగా క్రోడీకరించవచ్చు.

1. తెలుగు పాఠ్యం విషయంలో కంటికి కనిపించే రూపం, మెమరీలోని సంకేతాల వరుస వేర్వేరు. ఈ భేదాన్ని చూపగలగడమే ఎడిటర్, డీబగ్గర్ల ఎంపికలో ప్రథమ ప్రమాణం.

2. ఒకే పదానికి బైట్లు, కోడ్ పాయింట్లు, గ్రాఫీమ్ క్లస్టర్లు, ఛందోఽక్షరాలు అని వేర్వేరు లెక్కలు ఉంటాయి. ప్రోగ్రాం ఏ లెక్కను వాడుతున్నదో డీబగ్గర్‌లో నిర్ధారించుకోకుండా దాని ఫలితాన్ని పరిశోధనలో ఉదాహరించడం సరికాదు.

3. డెస్క్‌టాప్ అనువర్తనాలలో ప్రోగ్రాంను ఆపడం వల్ల కొత్త చిక్కులు వస్తాయి. ఆపకుండా నమోదు చేయగల సదుపాయం, మూతపడిన తరువాత పరిశీలించగల సదుపాయం ఉన్న డీబగ్గర్‌ను ఎంచుకోవాలి.

4. కూర్పు బాగున్న ఎడిటర్‌నూ, సంకేతాలను విప్పి చూపే ఎడిటర్‌నూ జంటగా వాడుకోవడం శ్రేయస్కరం.

5. గణనఫలితాలతో సిద్ధాంతగ్రంథం సమర్పించేటప్పుడు వాడిన ప్రోగ్రాం కోడ్‌ను, సమరూపీకరణ పద్ధతిని, పరీక్షాఫైలును అనుబంధంగా చేర్చితే ఆ ఫలితాలను మరొకరు సరిచూడడానికి వీలవుతుంది. పట్టికలోని సంఖ్యను నమ్మవలసిన చదువరికి ఆ సంఖ్య ఎలా వచ్చిందో చూసే హక్కు ఉంది.